బాయి కోసం కట్టిన ఊరు: ఇంగ్లండ్‌లో ఈజింగ్టన్ కాలియరీ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. డర్హమ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నారు. సముద్రం చూద్దామని ఆదివారం బస్సెక్కి ఈజింగ్టన్ కాలియరీలో దిగారు. ఊరి పేరులోనే కాలియరీ, అంటే బొగ్గుగని, ఉంది, గని మాత్రం ఎక్కడా కనబడలేదు. ఒకే అచ్చులో పోసినట్టు ఎర్ర ఇటుక ఇళ్ల బారులు, సగం మూతపడ్డ దుకాణాలు, గడ్డి మిట్ట మీద ఇనుప పంజరం లాంటిదొకటి కనిపించాయి. మైలున్నర లోపే ఈజింగ్టన్ అని ఇంకో ఊరు, నార్మన్ల కాలపు చర్చితో, ఈ ఊరితో సంబంధమే లేనట్టు ఉంది. ఒకే పేరుతో రెండు ఊళ్లెందుకు, గని ఏమైంది, గని పోయాక కూడా జనం ఎందుకున్నారు అని అడిగారు.

నేను సింగరేణిలో సర్దారుగా చేరి ఓవర్‌మన్‌గా రిటైరయ్యాను. రెండూ బాయిలో పని చేయించే, భద్రత చూసే ఉద్యోగాలే. మా అమ్మాయి సండర్లాండ్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ మనవడిని బడి దగ్గర దింపి, ఈ బాయి ఊళ్లు (బొగ్గుగనిని మేం బాయి అంటాం) చూడటానికి బస్సెక్కేవాణ్ని. మ్యూజియం చూసినట్టు కాదు, పాత డ్యూటీ మీదికి పోయినట్టే ఉండేది నాకు. కాబట్టి నా జవాబు బాయిలో పనిచేసినవాడి జవాబు. కొంచెం పొడుగవుతుంది.

మొదట ఆ పంజరం సంగతి. అది కేజీ, ఇంగ్లీషులో కేజ్. షాఫ్టులో, అంటే గనిలోకి నిట్టనిలువుగా తవ్విన దారిలో, మనుషుల్ని దింపి, పైకి లాగే లిఫ్టు. మీరు నిలబడ్డ గడ్డి మిట్టే బాయి. మీ కాళ్లకింది నుంచి వందల అడుగులు దిగి, అక్కడి నుంచి సముద్రం కిందికి మైళ్లకొద్దీ పోయేవాళ్లు.

ఇక రెండు ఈజింగ్టన్లు. పాత ఈజింగ్టన్ వ్యవసాయం చేసుకునే ఊరు, వందల ఏళ్లది. రెండోదానికి పునాది 1899లో షాఫ్టు తవ్వకంతోనే పడింది. మనవాళ్లకు ఇక్కడ ఒక ఆశ్చర్యం ఉంది. ఎల్లందు దగ్గర సింగరేణిలో బొగ్గు తీయడం 1889లోనే మొదలైంది. అంటే ఇంగ్లండ్‌లో వందల ఏళ్లనాటిది అనుకుంటూ మీరు చూసిన ఆ ఊరు మన ఎల్లందు బాయికంటే పదేళ్లు చిన్నది!

అంత ఆలస్యం ఎందుకయిందంటే, డర్హమ్ జిల్లా పడమటి వైపు బొగ్గు పైపైనే ఉంటుంది, గుట్ట పక్కన గీకినా దొరుకుతుంది. తూర్పున సముద్రం వైపు మాత్రం బొగ్గు మీద సున్నపురాయి దుప్పటి పరుచుకుని ఉంది. ఆ రాతి కింద బొగ్గే లేదని చాలాకాలం నమ్మారు. 1820ల మొదట్లో హెట్టన్ దగ్గర సున్నపురాయిని దాటి షాఫ్టు దింపి బొగ్గు తీసి చూపించాక ఆ నమ్మకం పోయింది. కష్టం మాత్రం పోలేదు. ఆ రాతి కింద పసుపుపచ్చ ఇసుక పొర ఒకటి ఉంటుంది, దాని నిండా నీళ్లే. షాఫ్టు అక్కడిదాకా దిగిందంటే ఊట కాదు, ఏరే వచ్చి పడుతుంది. ఈజింగ్టన్‌లో పని మొదలుపెట్టింది 1899లో, బొగ్గు పైకి వచ్చింది 1910లో. పదకొండేళ్లు నీళ్లతోనే కుస్తీ. చివరికి నేలను గడ్డకట్టించి దిగారు. షాఫ్టు చుట్టూ బోర్లు వేసి, వాటిలో గడ్డకట్టే చలికంటే చల్లని ఉప్పునీటిని తిప్పుతారు. చుట్టూ ఇసుకా నీళ్లూ కలిసి మంచుగోడ అవుతుంది. ఆ గోడ కరిగేలోపు లోపల తవ్వుకుంటూ పోయి, పోత ఇనుము పలకలతో షాఫ్టుకు తొడుగు వేస్తారు. మోటారు పాడై పంపు ఒక గంట ఆగితే ఎలా ఉంటుందో మాకు తెలుసు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

అంత డబ్బు పోసిన కంపెనీ బొగ్గు కనపడగానే వేలమందిని దింపక ఊరుకుంటుందా? ఉన్న ఊరు చాలదు. అందుకే షాఫ్టు పక్కనే పొలాల్లో బారులకు బారులు కట్టేశారు. వీధి పేర్లు గమనించారా? ఒకవైపు అన్నీ ఏ అక్షరంతో, ఇంకోవైపు బీ, సీ అక్షరాలతో మొదలవుతాయి. ఊరు దానంతటది పెరిగితే వీధికి చెరువు పేరో, దేవుడి పేరో, ఎవరో పెద్దమనిషి పేరో వస్తుంది. ఇక్కడ కంపెనీ ఆఫీసులో కూర్చుని పేర్లు పెట్టారు, మా దగ్గర క్వార్టర్లకు నంబర్లు వేసినట్టు. సీసైడ్ లేన్ అనే పెద్ద వీధి వెన్నెముక, అది నేరుగా బాయి గేటు వైపు దిగుతుంది. బాయి కోసమే ఊరు. మీ మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ ఒక్క మాటలోనే ఉంది.

ఇల్లు కంపెనీదే, అద్దె ఉండదు. పొయ్యిలోకి బొగ్గూ ఉచితమే. వినడానికి బాగుంటుంది. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. అంతకు ముందు తరాల్లో, 1832, 1844 సమ్మెల్లో, డర్హమ్ గని యజమానులు కుటుంబాలకు కుటుంబాలనే సామాన్లతో సహా వీధిలోకి గెంటించారు. ఆ పనికి వీధుల్లో మిఠాయి అమ్ముకుంటూ పాత గుడ్డలు కొనేవాళ్లను కూలికి పెట్టుకునేవారట. అక్కడి భాషలో క్యాండీమన్ అనేది అప్పటి నుంచి తిట్టు అయిపోయింది. రిటైరైనవాడిదీ అదే గతి. ఒళ్లు అరగదీసుకున్న ఇంట్లోంచే అరవై ఏళ్లకు బయటికి నడవాలి. దాన్ని తట్టుకోలేకే గని కార్మికులు వారం వారం తమ జీతంలోంచి పైసలు వేసుకుని ముసలివాళ్లకు చిన్న ఇళ్లు కట్టే సంఘం ఒకటి 1898 ప్రాంతంలో పెట్టుకున్నారు. ఆ ఇళ్లు ఇప్పటికీ డర్హమ్ ఊళ్ల అంచుల్లో కనిపిస్తాయి. ఒక్క అంతస్తు, ముందు చిన్న తోట. ఈసారి చూడండి.

లోపలి పని గురించి ఒక్క సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇది విన్నప్పుడు నేను నిజంగా అసూయపడ్డాను. కావిలింగ్ అంటారు. బాయిలో అన్ని పనిచోట్లూ ఒకటి కావు. ఒకచోట సీమ్, అంటే బొగ్గు పొర, మందంగా, పొడిగా, గాలి బాగా తగులుతూ ఉంటుంది. ఇంకోచోట మోకాలిదాకా నీళ్లు, వంగితే తప్ప దూరలేని ఎత్తు. తీసిన టన్నును బట్టి కూలి ఇచ్చే రోజుల్లో ఏ చోటు దొరికిందన్నదే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తేల్చేది. మన దగ్గర ఎవరికి ఏ చోటు ఇవ్వాలో సర్దారో ఓవర్‌మనో చెబుతాడు. నేనూ చెప్పినవాణ్నే. ఎంత న్యాయంగా చేసినా, పక్కవాడికి మంచి చోటిచ్చానని అలిగి నాతో మాట్లాడటం మానేసినవాళ్లున్నారు. డర్హమ్‌లో, పక్కనున్న నార్తంబర్లాండ్‌లో మూడు నెలలకోసారి చీటీలు వేసేవారు. ఎవరి చీటీ ఎక్కడ పడితే ఆ మూడు నెలలూ అక్కడే. మేనేజరుకు నచ్చనివాణ్ని నీళ్లలోకి తొయ్యడానికి లేదు, నచ్చినవాడికి నెయ్యి వడ్డించడానికీ లేదు. చీటీలో చెడ్డ చోటు పడినవాడు తన అదృష్టాన్ని తిట్టుకుంటాడే గానీ తోటివాణ్ని తిట్టుకోడు.

ఒకే చోట వేర్వేరు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లంతా ఒక జట్టు. తీసిన టబ్బులు (బొగ్గు నింపే చిన్న బండ్లు) అందరి లెక్కలో పడి, కూలి సమంగా పంచుకునేవాళ్లు. ఆ జట్టువాణ్ని మారా అంటారు. బస్సులో ఇద్దరు ముసలివాళ్లు పలకరించుకునేటప్పుడు మీరు వినే ఉంటారు. స్నేహితుడు అనుకుని ఉంటారు, కానీ బాయిలో దాని అర్థం కూలి పంచుకునేవాడు. పైన తూకం దగ్గర కంపెనీ మనిషి లెక్క మింగకుండా, కార్మికులు తమ డబ్బుతో, తమ ఓటుతో ఒక మనిషిని నిలబెట్టుకునేవారు. 1860 చట్టం ఆ హక్కు ఇచ్చింది. తూకం దగ్గర నిలబడాలంటే లెక్కలు రావాలి, మేనేజరు కళ్లలోకి చూసి మాట్లాడే గుండె ఉండాలి. అందుకే ఈ ఊళ్లలో నాయకులు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చారు, లేదంటే ప్రిమిటివ్ మెథడిస్టు అనే క్రైస్తవ శాఖ ప్రార్థనా మందిరాల నుంచి. పీటర్ లీ రెండూ అయినవాడు. పదేళ్లకు బాయిలో చేరి, ప్రసంగాలు నేర్చి, తూకందారై, 1919లో డర్హమ్ జిల్లా కౌన్సిల్ లేబర్ పార్టీ చేతికి వచ్చినప్పుడు దానికి అధ్యక్షుడయ్యాడు. ఈజింగ్టన్ పక్కన పీటర్‌లీ అనే టౌన్ ఉంది కదా, అది ఆయన పేరే. 1948లో బాయి కుటుంబాల కోసమే కొత్తగా వేసిన పట్నం.

ఆడవాళ్ల సంగతి చరిత్రల్లో ఒక్క పేరాలో తేల్చేస్తారు. 1842 చట్టంతో ఆడవాళ్లనూ, పదేళ్లలోపు మగపిల్లలనూ భూమి కింద పనికి నిషేధించారు. డర్హమ్‌లో ఆడవాళ్లు బాయి దిగడం అంతకు చాలాముందే ఆగిపోయింది. కానీ ఇంట్లో షిఫ్టులు వాళ్లవే. తండ్రి ఒక షిఫ్టు, ఇద్దరు కొడుకులు ఇంకో రెండు షిఫ్టులు అనుకోండి. బాయి దగ్గర స్నానాల గదులు రాకముందు ప్రతివాడూ బొగ్గు మొహంతోనే ఇంటికి వస్తాడు. నీళ్లు మరగాలి, రేకు తొట్టి పొయ్యి ముందుకు రావాలి, అన్నం సిద్ధం కావాలి. ఒకడు పడుకునే వేళకు ఇంకొకణ్ని లేపాలి. కొన్ని ఊళ్లలో గుమ్మం పక్కన గోడలో పలక ఉండేది. లేవాల్సిన గంట దానిమీద రాసిపెడితే, తిరిగే మనిషి చూసి తలుపు కొట్టి పోయేవాడు. ఆ ఇల్లాలు ఎప్పుడు పడుకునేదో ఏ పలకమీదా రాయలేదు.

ఇప్పుడు 1951. అక్కడికి నాలుగేళ్ల ముందు, 1947 జనవరి 1న, బ్రిటన్ గనులన్నీ ప్రభుత్వపరం అయ్యాయి. ఇకమీదట ఈ బాయి ప్రజల తరఫున నడుస్తుందని ప్రతి గేటు దగ్గరా బోర్డు పెట్టారు. యజమాని మారాడు, బొగ్గులోంచి వచ్చే మండే గ్యాసు మీథేన్ మారలేదు.

మే 29, తెల్లవారుజామున 4 గంటల 35 నిమిషాలు. ఫైవ్ క్వార్టర్ అనే సీమ్‌లో డక్‌బిల్ అని పిలిచే డిస్ట్రిక్టు, అంటే బాయిలో ఒక భాగం. కోల్‌ కట్టర్ పళ్లు బొగ్గులో ఉన్న పైరైట్స్ రాయికి తగిలి నిప్పురవ్వ లేచింది. గోఫ్ (బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీ) నుంచి వచ్చి చేరిన మీథేన్ అంటుకుంది. అక్కడితో ఆగి ఉంటే చిన్న ప్రమాదమే. మీథేన్ పేలిన గాలి దెబ్బకు దారుల్లోని బొగ్గు ధూళి పైకి లేస్తుంది, వెనకాలే వచ్చే మంటకు ఆ ధూళే మేత. అలా పేలుడు తన దారి తానే వేసుకుంటూ సుమారు 16,000 గజాల గ్యాలరీల (బాయిలోని సొరంగ దారుల) గుండా పోయింది. మేం రోజూ గ్యాలరీల్లో తెల్లటి రాతిపొడి చల్లించేది ఇందుకే. బొగ్గు ధూళిలో రాతిపొడి తగినంత కలిసి ఉంటే మంటకు మేత దొరకదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు సున్నం కొట్టినట్టుందని నవ్వేవాళ్లు. ఈజింగ్టన్ సంగతి చెప్పాక నవ్వేవాళ్లు కాదు.

వేళ కూడా పగబట్టింది. రాతిపని షిఫ్టువాళ్లు 38 మంది ఇంకా బయటపడలేదు, బొగ్గుపని షిఫ్టువాళ్లు 43 మంది అప్పుడే లోపలికి చేరారు. రెండు షిఫ్టులూ ఒకేచోట కలిసిన ఆ కాసేపట్లోనే పేలింది. 81 మంది పోయారు. ఒక్కడిని ప్రాణంతో పైకి తెచ్చారు గానీ కొన్ని గంటలకు అతనూ దక్కలేదు, ఆ 81లో అతనూ ఉన్నాడు. వాళ్ల కోసం దిగిన రెస్క్యూ దళంలో ఇంకో ఇద్దరు చనిపోయారు. మొత్తం 83. వీధుల లెక్కన కట్టిన ఊరు కదా, ఒకే బారులో పక్కపక్క గుమ్మాల్లో చావు. ఊరి శ్మశానంలో స్మృతివనం ఉంది. అక్కడికి వెళ్లే బాటకు చెట్లు నాటారు, లెక్కపెడితే 83. దారినపోయేవాళ్లు ఇది చూసి ఒకరినొకరు అర్థం చేసుకోవడం నేర్చుకోవాలి అనే అర్థం వచ్చేలా ఫలకం మీద రాశారు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర ఆపేశాను.

ఇదే 1951లో ఇంకో సంగతి జరిగింది, చప్పుడు లేకుండా. డర్హమ్ జిల్లా కౌన్సిల్ ఒక అభివృద్ధి ప్రణాళికలో ఊళ్లను ఏ నుంచి డీ దాకా తరగతులు చేసింది. డీలో పడ్డ 114 ఊళ్లకు ఇకమీద పైసా పెట్టరు. కొత్త ఇళ్లుండవు, బాగుచేయడాలుండవు, జనం వెళ్లిపోతే ఇళ్లు కూలగొట్టడమే. పడమటి పాత బాయిల్లో బొగ్గు అయిపోతోంది కాబట్టి ఊళ్లూ అయిపోవాలన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క వేసింది ఎవరో కాదు, బాయి కార్మికుల ఓట్లతో గెలిచిన కౌన్సిలే. జనం ఎదురుతిరిగారు, సొంత డబ్బుతో ఇళ్లు బాగుచేసుకున్నారు. 1977లో ఆ విధానం ఎత్తేశారు. జాబితాలో ఉన్న ఊళ్లలో పూర్తిగా చెరిగిపోయినవి కొన్నే. ఈజింగ్టన్ ఆ జాబితాలో లేదు. సముద్రం కింద బొగ్గు బోలెడుంది కాబట్టి అది బతికే ఊరని అందరూ అనుకున్నారు.

అందుకే 1984 అక్కడ అంత గట్టిగా తగిలింది. ఇరవై గనులు మూసి 20,000 ఉద్యోగాలు తీసేస్తామని, గనులు నడిపే ప్రభుత్వ సంస్థ కోల్ బోర్డు అన్నాక మార్చిలో దేశమంతా సమ్మె. ఈజింగ్టన్‌లో అయిదు నెలలు గేటు దగ్గర గొడవే లేదు, ఎందుకంటే లోపలికి పోయేవాడే లేడు. ఆగస్టులో ఒక్కడు, వేరే ఊరివాడు, పనిలోకి వస్తానన్నాడు. ఆ ఒక్కణ్ని లోపలికి చేర్చడానికి వందల పోలీసులు దిగి ఊరి దారులు కట్టేశారు. సొంత వీధిలో నడవాలంటే ఎక్కడికి, ఎందుకు అని చెప్పాల్సి వచ్చిందని, ఇప్పటికీ నిన్నటి సంగతిలా చెబుతారు. ఆడవాళ్లు వంటశాల నడిపి ఊరంతటికీ పెట్టారు. 1985 మార్చిలో సమ్మె ఓడింది. బ్యాండు మేళంతో, జెండాలతో వెనక్కి నడిచి వెళ్లారు. సమ్మెలో ఎవరిది తప్పు అనే వాదనలోకి నేను దిగను. సింగరేణిలో సమ్మెలు రెండువైపుల నుంచీ చూసినవాణ్ని. ఒక్కమాట మాత్రం అంటాను. అక్కడ పోయింది జీతం మాత్రమే కాదు. ఇల్లు, మారా, లైబ్రరీ, డాక్టరు, బ్యాండు, ముసలితనపు నీడ, అన్నీ ఆ కేజీ తాడుకే కట్టి ఉన్నాయి.

1992 అక్టోబరులో 31 గనులు మూస్తామని ప్రకటించినప్పుడు ఆ జాబితాలో ఈజింగ్టన్ పేరుంది. 1993 మేలో మూసేశారు, అప్పటికి సుమారు 1,400 మంది పనిలో ఉన్నారు. సముద్రం కింద బొగ్గు అలాగే ఉంది. అది అయిపోయి కాదు, బయటి దేశాల బొగ్గూ, గ్యాసూ చవకై మూసింది. మన సింగరేణి బాయిలు మూతపడ్డ బెల్లంపల్లి చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి జనం ఎందుకు మిగిలారన్నారు. ఒక కారణం పొడిగా చెప్పుకోవచ్చు. కోల్ బోర్డు తన ఇళ్లను చివరి దశలో అమ్మేసింది. చాలామంది చవగ్గా కొనుక్కున్నారు, ఆ ఇల్లు ఇంకోచోట ఇల్లు కొనేంత ధర పలకదు. కట్టేసే తాడే అది. రెండో కారణం, రోగం. దుమ్ము తిన్న ఊపిరితిత్తులు, డ్రిల్లు అదురుకు తెల్లబడి మొద్దుబారిన వేళ్లు. 1998 నుంచి కోర్టు తీర్పులతో పరిహారాలు వచ్చాయి, కొందరికి బతికుండగా, కొందరి భార్యలకు. అలాంటి మనిషి కొత్త ఊరికి పోయి ఏ పని వెతుక్కుంటాడు? మూడో కారణం మీరే ఏదో ఒక శనివారం క్లబ్బులో కూర్చుంటే తెలుస్తుంది.

సముద్రం నల్లగా లేదేమిటని మీరు అడగలేదు గానీ, అడగాల్సిన ప్రశ్న అది. దశాబ్దాల పాటు బాయి నుంచి వచ్చిన వ్యర్థపు రాయిని తిన్నగా ఒడ్డున పోశారు. ఇసుక కనిపించేది కాదు. 1997, 2002 మధ్య ఒక పెద్ద పథకం పెట్టి పది లక్షల టన్నులకు పైగా తీసేశారు, మిగిలింది అలలు ఇంకా కొరుక్కుంటున్నాయి. ఒడ్డున కొన్నిచోట్ల నల్ల, ఎర్ర చారలతో మెట్టులా కనబడేది బాయి మట్టే.

బాయి లోపల ఇప్పుడు నీళ్లు. పంపులు ఆపితే నీళ్లు ఊరుకోవు, పైకి వచ్చి ఆ సున్నపురాయిలోని మంచినీటిని పాడుచేస్తాయి. అందుకని సీహామ్ పక్కన డాడన్ పాత గని దగ్గర ఇప్పటికీ తోడి శుద్ధి చేస్తున్నారు. ఆ నీరు సుమారు 20 డిగ్రీల వెచ్చదనంతో వస్తుంది. దాంతో కొత్త ఇళ్లకు వేడి ఇచ్చే పథకం ఒకటి సీహామ్‌లో వేశారు. పదకొండేళ్లు ఏ నీళ్లతో పోరాడి షాఫ్టు దింపారో ఆ నీళ్లే ఇప్పుడు గదులు వెచ్చబెడతాయట. మా ఇంజనీర్లకు చెబితే నోరెళ్లబెట్టారు.

మీరు ఇంకా అక్కడే ఉంటారు కాబట్టి రెండు పనులు చేయండి. జులై రెండో శనివారం డర్హమ్‌లోనే బాయి కార్మికుల పెద్ద జాతర జరుగుతుంది, 1871 నుంచి ఉన్నది. ఊళ్ల పట్టు జెండాలతో పాటు బ్యాండ్లు నడుస్తాయి. గనులున్న రోజుల్లో ఆ ఏడు బాయిలో ఎవరైనా పోతే జెండాకు నల్లగుడ్డ చుట్టేవారు. ఈజింగ్టన్ జెండా వచ్చేదాకా ఆగండి, పొద్దున్నే వెళ్లకపోతే నిలబడే చోటు దొరకదు. రెండోది, మళ్లీ ఆ ఊరికి వెళ్లి సీసైడ్ లేన్ మీద కాకుండా ఏ అక్షరం వీధుల వెనక సందుల్లో నడవండి. ప్రతి పెరట్లో గోడకు చిన్న తలుపు గుర్తు కనబడితే, అది ఉచిత బొగ్గు పారతో లోపలికి పోసుకున్న కంత. చాలావాటిని ఇటుకలతో మూసేశారు, కొత్త ఇటుక రంగు తేడాతో పట్టేయొచ్చు. అక్కడి నుంచి కేజీ మిట్ట ఎక్కి సముద్రం వైపు దిగేటట్టయితే చెప్పులతో వెళ్లకండి. ఆ మట్టి వానకు జారుతుంది, నేను ఒకసారి పడ్డాను.